పైన నిప్పు, కింద నిప్పు

షెపర్డ్స్ పై అనే పదార్థాన్ని మీలో ఎంతమంది తిన్నారో నాకు తెలియదు. నేను మాత్రం నలభై ఆరో ఏడు వచ్చేదాకా దాని పేరైనా విని ఎరగను. విన్ననాడు కూడా, తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి గనక, ఆ 'పై' అనే మాట దగ్గరే ఆగిపోయాను. అడుగున మాంసం, దానిపైన మెత్తగా మెదిపిన ఆలుగడ్డ, ఆ పైన ఎర్రగా కాలిన పొర. పేరు మన వ్యాకరణానికి ఎంత చక్కగా అమరిందీ అని మురిసిపోయాను. తీరా చూస్తే ఇంగ్లీషువాడి 'పై' వేరు. పిండి పరిచి, లోపల కూరో పండో పెట్టి, కాల్చి తీసేదాన్ని వాళ్ళు పై అంటారట. ఇందులో పిండి ఉండదు, దాని చోట ఆలుగడ్డ కూచుంది, పేరు మాత్రం మిగిలింది. ఇక షెపర్డ్ అంటే గొర్రెల కాపరి. ఈ రెండో ముక్క దగ్గర మురిసిపోవడానికి నాకు అంత తేలిగ్గా వీలుకాలేదు. ఎందుకో చెబుతాను.

మాది దామరచర్ల. నార్కట్‌పల్లి నుంచి అద్దంకి పోయే రోడ్డు మీద మిర్యాలగూడ దాటాక తగులుతుంది. ఇంకాస్త ముందుకు పోతే వాడపల్లి. అక్కడ మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. వంతెన దాటితే పల్నాడు. నేను రోజూ మోటారు సైకిలు మీద మిర్యాలగూడ వెళ్ళి కాలేజీలో తెలుగు పాఠం చెప్పి వస్తుంటాను. ఎం.ఏ. ఉస్మానియాలో చదివాను. ఇంటిపేరూ ఉద్యోగమూ బాగానే ఉన్నాయి గాని, మా నాయన గొర్రెల కాపరి అనే సంగతి మా కాలేజీలో చాలామందికి తెలియదు.

నేను దాచానని కాదు. దాచలేదని కూడా చెప్పలేను. పదో తరగతి దగ్గర్నుంచీ 'తండ్రి వృత్తి' అని అడిగిన ప్రతి కాగితం మీదా నేను 'వ్యవసాయం' అని రాస్తూ వచ్చాను. అట్లా రాయమని నాకెవరూ చెప్పలేదు. మా నాయనకు చదువు రాదు గనక ఆయన చూసే ప్రమాదమూ లేదు. ఒకసారి రాశాక రెండోసారి మార్చి రాస్తే అబద్ధం బయటపడుతుందని అదే రాశాను. ఇప్పుడు నా సర్వీసు కాగితాల్లో కూడా అదే ఉంది.

నాగార్జున సాగరానికి నెహ్రూగారు శంకుస్థాపన చేసిన 1955 డిసెంబరు నాటికి మా నాయన పదేళ్ళవాడు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలేనాటికి మీసాలొచ్చిన మొనగాడు, సొంతంగా మందను తోలుకుపోయేవాడు. ఎడమ కాలువ వచ్చి ఈ ప్రాంతంలోని బీళ్ళన్నీ వరిమళ్ళయితే గొర్రెల కాపరికి ఇక బతుకేమిటని అనుకుంటాం. కాని వరి వేసిన రైతుకు ఎరువు కావాలి గదా! కోతలయ్యాక మందను పొలంలో రాత్రిళ్ళు నిలిపితే, ఆ పెంటికలకూ మూత్రానికీ భూమి బలుస్తుంది. దానికి కూలి వడ్ల రూపంలో ముట్టేది. ఆ వడ్లే మేం తిన్నాం. ఆ గొర్రెల డబ్బే నా హాస్టలు ఫీజు. ఎండకాలం వస్తే మందను తోలుకుని కృష్ణ దాటి అవతలి గట్టుకు పోయేవాడు. నెలల తరబడి ఇంట్లో ఉండేవాడు కాదు. వచ్చినప్పుడు గొంగట్లో ఏ రేగుపళ్ళో, ఈతపళ్ళో కట్టుకొచ్చేవాడు. ఆ పళ్ళకు గొర్రె వాసన వేసేది.

2021లో ఆయన కాలువ గట్టు మీద జారి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రీ, ఆపరేషనూ, మంచం. నేను ఉద్యోగస్థుణ్ణి, మా అక్క కాపురం వేరే ఊళ్ళో. మందను చూసే దిక్కు లేదు. ఎనభై నాలుగు జీవాలు. నేనే బేరం మాట్లాడి అమ్మేశాను. ఆయన్ను అడిగాను, ఆయన 'నీ ఇష్టం' అన్నాడు. ఈ 'నీ ఇష్టం' అనే మాటకు ఎన్ని అర్థాలున్నాయో నిఘంటువు రాసేవాళ్ళకు తెలియదు. లారీ వచ్చిననాడు చేతికర్ర పట్టుకుని వాకిట్లో నిలబడి, ఎక్కేవాటిని ఒక్కొక్కదాన్నే లెక్కపెట్టుకున్నాడు. ఎనభై నాలుగూ ఎక్కాక లోపలికొచ్చి పడుకున్నాడు.

ఆనాటి నుంచీ ఆయన నాతో మాట్లాడ్డం మానలేదు. కాని తనంతట తాను మాట మొదలుపెట్టడం మానేశాడు. నేనడిగితే చెబుతాడు. అడక్కపోతే లేదు. నాలుగేళ్ళు అట్లా గడిచాయి.

ఈలోగా పళ్ళు ఊడిపోయాయి. ముందు దవడ పళ్ళు, తర్వాత ముందు పళ్ళు. పళ్ళసెట్టు కట్టించాను. రెండు రోజులు పెట్టుకుని, 'నోట్లె ఎవడో కూసున్నట్టున్నది' అని మా ఆవిడతో చెప్పి స్టీలు గ్లాసులో వేసి మూతపెట్టాడు. ఆ గ్లాసు ఇంకా అలమారలోనే ఉంది.

2025 ఫిబ్రవరిలో పెద్దగట్టు జాతర వచ్చింది. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి గుట్ట మీద లింగమంతుల స్వామికి రెండేళ్ళకోసారి జరిగే జాతర అది. గొల్లవాళ్ళకు దాన్ని మించిన పండగ లేదు. కారు మాట్లాడి ఆయన్ను తీసుకెళ్ళాను. డోలు దెబ్బకు, 'ఓ లింగా' అనే కేకలకు ఆయన ముఖంలో కొంచెం వెలుగొచ్చింది. మా వాళ్ళు చౌడమ్మ తల్లికి యాటను కోసి, గుట్ట కిందే పొయ్యి పెట్టి వండారు. విస్తట్లో నాలుగు ముక్కలు వేశారు. ఆయన ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. ఈ చెంపకు తోశాడు, ఆ చెంపకు తోశాడు. ఎవరూ చూడ్డం లేదనుకుని తీసి విస్తరి కింద పెట్టాడు. నేను చూశాను.

ఇంటికొచ్చాక జావ, పెరుగన్నం తప్ప ఇంకేమీ ముట్టలేదు. పోనుపోను అవీ తగ్గించాడు. డాక్టరు చూసి, జబ్బేమీ లేదు, మాంసకృత్తులు పెట్టండి, కండ కరిగిపోతోందన్నాడు. గుడ్డు పెడితే వాసనన్నాడు. పప్పు పెడితే వాతమన్నాడు. ఒకరోజు మా ఆవిడ గిన్నె పట్టుకుని, 'ఇట్లా తినకపోతే ఎట్లా మామయ్యా' అని కన్నీళ్ళు పెట్టుకుంటే, ఆయన చాలా మామూలుగా, పొలం సంగతి చెప్పినట్టు, 'పండ్లు ఊడిన గొర్రెను మందల ఎవడన్న ఉంచుతడా బిడ్డా?' అన్నాడు.

ఆ మాట నాకు తెలుసు. నేను ఆ ఇంట్లో పెరిగినవాణ్ణే గదా. గొర్రె వయసు పళ్ళను బట్టి చెబుతారు. దానికి ముందు పళ్ళు కింది దవడకే ఉంటాయి, పైన గట్టి చిగురే. పిల్లప్పుడు అన్నీ పాలపళ్ళు. ఏడాది దాటి ఏడాదిన్నర లోపల నడిమి పళ్ళు రెండు ఊడి పెద్దవి వస్తాయి. అప్పుడది రెండు పళ్ళది. తర్వాత ఏడాదికి రెండేసి చొప్పున నాలుగు, ఆరు, ఎనిమిది. ఆ పైన అరగడం, విరగడం మొదలు. పళ్ళు పోయిన గొర్రె గడ్డి కొరకలేదు, చిక్కిపోతుంది, పిల్లకు పాలివ్వలేదు. అంచేత అంతకుముందే దాన్ని అమ్మేస్తారు. అందులో కోపమూ లేదు, పాపమూ లేదు. అది లెక్క. మా నాయన ఆ లెక్కను తనకు వేసుకున్నాడు. ఎనభై నాలుగు జీవాలను లారీ ఎక్కించిన నాకు, ఆ లెక్క తప్పని చెప్పే నోరు లేకపోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అక్క కూతురు డబ్లిన్ నుంచి ఫోను చేసింది. ఐర్లండులో ఎమ్మెస్ చదువుతోంది. అక్కడ చదువుకునే పిల్లలు కాలేజీ నడిచే రోజుల్లో వారానికి ఇరవై గంటలు పనిచేసుకోవచ్చునట. ఈ పిల్ల ఒక వృద్ధాశ్రమం వంటింట్లో పనికి కుదిరింది. తాత సంగతి విని, 'మామా, ఇక్కడ పండ్లు లేని తాతలు ముప్పయి మంది ఉన్నరు. గురువారం గురువారం గొర్రె మాంసం తింటరు. ఒక్కలు కూడ ప్లేటు వదలరు' అంది. ఎట్లా తింటారే అంటే షెపర్డ్స్ పై సంగతి చెప్పింది.

నాకు మాస్టరు బుద్ధి పోలేదు. వండే ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకుందామని కూచున్నాను. ఇది ఐర్లండుదని ఐరిష్‌వాళ్ళు, మాదని ఇంగ్లండువాళ్ళు అంటారు. ఇద్దరి ఇళ్ళలోనూ ఉన్నదే. మొదట దీన్ని కాటేజ్ పై, అంటే గుడిసె పై అనేవారు. ఆ పేరు 1791 నాటికే ఉంది. బీదవాళ్ళు తినే ఆలుగడ్డను పైన వాడారు గనక ఆ పేరు కాబోలు. షెపర్డ్స్ పై అనే పేరు పందొమ్మిదో శతాబ్దం నడిమికి గాని రాలేదు. ఇప్పుడు గొర్రె మాంసమైతే షెపర్డ్స్ పై, పశుమాంసమైతే కాటేజ్ పై అని విడదీస్తున్నారు. ఆదివారం కాల్చిన మాంసం మిగిలితే సోమవారం తరిగి, ఆలుగడ్డ కప్పి, మళ్ళీ పొయ్యెక్కించడం దీని అసలు మర్మం. మన ఇళ్ళల్లో మిగిలిన అన్నాన్ని పులిహోర చెయ్యడం లేదూ?

ఇక ఆ ఆలుగడ్డ కథ నవ్వుతూ చెప్పేది కాదు. దక్షిణ అమెరికా కొండల్లో పుట్టిన దుంప ఐర్లండు చేరి, అక్కడి బీదవాళ్ళకు అదే అన్నమూ అదే కూరా అయింది. 1845లో పైరుకు తెగులొచ్చింది. తవ్విన దుంపలు చేతిలోనే నల్లబడి కుళ్ళిపోయాయి. 1852 దాకా సాగిన ఆ కరువులో పది లక్షలమంది చనిపోయారు, మరో పది లక్షలమంది ఓడలెక్కి దేశం విడిచారు. ఆ కరువు నిధికి మన కలకత్తాలో కూడా చందాలు పోగుచేసి పంపారు. అంత చేసిన దుంపను వాళ్ళు అసహ్యించుకోలేదు, ఈనాటికీ నెత్తిన పెట్టుకుని తింటున్నారు.

మా ఇంట్లో ఆ దుంప మీద వేరే తగాదా ఉంది. మా ఆవిడది పిడుగురాళ్ళ. ఆవిడకది బంగాళాదుంప, మాకది ఆలుగడ్డ. పెళ్ళయి ఇరవయ్యేళ్ళయినా ఎవరి మాట వాళ్ళదే. పిల్లలు మాత్రం ఎవరి దగ్గర డబ్బులు కావలసి వస్తే వారి మాట వాడతారు.

ఆదివారం పొద్దున్నే బజారుకెళ్ళి అరకిలో ఖీమా కొట్టించుకొచ్చాను. గొర్రేనా అంటే గొర్రేనన్నాడు. మేనకోడలు పంపిన జాబితా మా ఆవిడకు చదివి వినిపించాను. కారం లేదు, అల్లంవెల్లుల్లి లేదు, గరం మసాలా లేదు. ఆవిడ నడుముమీద చెయ్యి వేసుకుని, 'ఏమండీ, ఇది రోగికి పెట్టేదా, రోగం తెప్పించేదా?' అంది. పల్నాటి ఆడపడుచును కారం లేకుండా మాంసం వండమనడం, తిక్కనగారిని పద్యం లేకుండా భారతం చెప్పమన్నట్టే. మిరియాలకు ఒప్పుకుంది.

జాబితాలో థైమ్ అని ఒక ఆకుంది. మా ఊళ్ళో అదెక్కడ దొరుకుతుంది? దాని ఘాటు థైమాల్ అనే పదార్థం వల్ల వస్తుందనీ, అదే థైమాల్ మన వాములోనూ ఉందనీ పుస్తకంలో చూశాను. చిటికెడు వాము నలిపి వెయ్యమన్నాను. ఊస్టర్‌షైర్ సాసు అని ఇంకొకటుంది. ఆ సాసులో చింతపండు పడుతుందని తెలిసినప్పుడు మా ఆవిడ ముఖం చూడవలసింది. 'చింతపండుకు అంత పేరెందుకు?' అని గోలీకాయంత నానబెట్టింది.

అంతా బాగానే ఉంది గాని, వంట మాత్రం చెడింది. మొదటి తప్పు నాది. ఉడికిన ఆలుగడ్డను పప్పుగుత్తితో మెదుపుతానంటే, అంత కష్టమెందుకని నేనే మిక్సీలో వేశాను. అర నిమిషంలో అది బంకగా మారింది. ఆలుగడ్డలోని పిండి సన్నటి గదుల్లో ఉంటుంది. చేత్తో మెదిపితే ఆ గదులు విడిపోతాయి. మిక్సీ కత్తి తగిలితే పగిలిపోయి పిండంతా బయటికొచ్చి జిగురవుతుంది. ఈ శాస్త్రం నాకు తర్వాత తెలిసింది. 'సినిమా వాల్‌పోస్టరు అంటించుకోవచ్చు' అంది మా ఆవిడ.

రెండో తప్పు పొయ్యి. మా ఇంట్లో ఓవెను లేదు. కుక్కరు అడుగున ఉప్పు పోసి, రబ్బరూ విజిలూ తీసేసి, గిన్నె లోపల పెట్టి మూతపెడితే సరిపోతుందని ఎవరో చెబితే అట్లాగే చేశాం. ముప్పావుగంట తర్వాత తీస్తే అడుగు మాడింది, పైన మాత్రం సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది.

మూడో తప్పు మాంసం. గంటన్నర ఉడికినా ఇసక నమిలినట్టుంది. మేం వంటింట్లో తలలు పట్టుకుని కూచున్నాం. వాకిట్లో పందిరి కింద మంచం మీద పడుకున్న మనిషి, లేవకుండానే, 'అమ్మా, అది ముసలి గొర్రె. ఎనిమిది పండ్లు దాటినది. వాసన చూస్తలేరా? పొద్దుగూకిందాక ఉడికినా ఉడకది' అన్నాడు.

చూడలేదు, తినలేదు. ఆవిరి వాసన పట్టుకుని పళ్ళు లెక్కపెట్టాడు! ఆ ఆదివారం మేం పెరుగన్నాలే తిన్నాం.

శనివారం రాత్రి నేను కాగితాలు దిద్దుకుంటుంటే గుమ్మంలో చేతికర్ర చప్పుడైంది.

'రేపు బజారుకు పోతవా?' అన్నాడు మా నాయన.

'పోతాను నాయనా.'

'నేనూ వస్త. నీకు పండ్లు చూడరాదు.'

అంతే అని వెళ్ళిపోయాడు. నేను ఎర్రసిరా పెన్ను చేత్తో పట్టుకుని ఎంతసేపు కూచున్నానో తెలియదు. ఆ రాత్రి దిద్దిన కాగితాలకు మార్కులు కొంచెం ధారాళంగా పడి ఉంటాయి.

తెల్లవారి మోటారు సైకిలు మీద వెనక కూచోబెట్టుకుని తీసుకెళ్ళాను. చేతికర్ర నా చంక కింద నుంచి ముందుకు పొడుచుకొచ్చింది, ఎదురొచ్చినవాళ్ళు పక్కకు తప్పుకున్నారు. కట్టేసిన జీవాల దగ్గర దిగి, ఒక్కొక్కదాని దవడ పట్టుకుని బొటనవేలితో పెదవి కిందికి లాగి చూశాడు. ఒకదాని వెన్ను నిమిరాడు. ఒకదాని కంటి కింది రెప్ప తిప్పి చూసి, దీనికి జలగ పట్టింది, మందు తాపాలె అని అమ్మేవాడికి చెప్పాడు. ఆఖరికి ఒక ఎర్ర పొట్టేలు పిల్ల దగ్గర ఆగాడు. 'పాలపండ్లది. ఏడెనిమిది నెలలది. దీని తొడ చెప్పు' అన్నాడు. అమ్మేవాడు నావంక చూసి, 'పెద్దమనిషి ఎవరు సారూ?' అన్నాడు.

'మా నాయన. గొర్ల కాపరి' అన్నాను.

చెప్పడానికి పెద్ద కష్టమేమీ కాలేదు. ముప్పయ్యేళ్ళు ఎందుకు కష్టపడ్డానో మరి.

ఈసారి ఖీమాను మా ఆవిడే కత్తిపీట మీద సన్నగా తరిగింది. వండిన పద్ధతి చెబుతాను, మీ ఇళ్ళలో పళ్ళు లేని పెద్దవాళ్ళుంటే పనికొస్తుంది. ఉల్లిపాయలు రెండు సన్నగా తరిగి నూనెలో మెత్తగా మగ్గనివ్వాలి, ఎర్రగా వేగకూడదు. ఒక క్యారట్టు తురిమి వెయ్యాలి. ఖీమా అరకిలో వేసి, మంట పెంచి, నీరంతా ఇగిరి రంగు మారేదాకా వేపాలి. చెంచాడు మైదా చల్లి కలిపి, ఎముకలు కాచిన రసం రెండు గ్లాసులు పోసి, వాము, మిరియాలు, ఉప్పు, చింతపండు రసం చెంచాడు వేసి, సన్న సెగ మీద ముప్పావుగంట వదిలెయ్యాలి. చివరికి గరిటె జారుగా ఉండాలి గాని నీళ్ళు కనపడకూడదు. నీళ్ళుంటే పైనున్న ఆలుగడ్డ మునిగిపోతుంది.

ఆలుగడ్డలు ముప్పావు కిలో తొక్కతోనే ఉడికించి, వేడి మీదే వలిచి, పప్పుగుత్తితో మెదపాలి. అరగ్లాసు వేడిపాలు, నిమ్మకాయంత వెన్న, ఉప్పు. ఆ పని నేను చేశాను. మిక్సీని మా ఆవిడ ముందే అటక మీద పెట్టించింది.

ఖీమాను వెడల్పాటి ఇనప మూకుట్లో పరిచి, చల్లారాక, ఆలుగడ్డ ముద్దను అంచుల నుంచి నడిమికి కప్పుకుంటూ వచ్చాం. పైన ఫోర్కుతో గీతలు గీయాలని మేనకోడలు చెప్పింది. గీత గీత అంచూ ఎర్రగా కాలుతుందట. నేను గీస్తుంటే దున్నిన చేను గుర్తొచ్చింది.

మళ్ళీ కాల్చడం దగ్గరికొచ్చి ఆగిపోయాం. కుక్కరు తెమ్మన్నాను. గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూచున్న మా నాయన, 'కింద నిప్పు పెడితే కిందనే కాలుతది. పైన ఎర్రగ గావాలంటే పైన పెట్టాలె గద నిప్పు' అన్నాడు. అని, ఒక్కసారి చెప్పడం మొదలుపెట్టాడు. ఏటి అవతల మంద దించినప్పుడు, కాలు విరిగిన పిల్ల ఏదన్నా ఉంటే కోసి కుండలో వేసి, పైన మూకుడు బోర్లించి, ఆ మూకుట్లో నిప్పులు పోసేవారట. కింద రెండు బొగ్గులు, పైన పది. తెల్లారేసరికి ఎముక నుంచి కండ జారేదట. వాన పడిన రాత్రి మూకుట్లో నిప్పులు ఆరిపోకుండా గొంగడి పట్టుకుని నిలబడ్డ సంగతి చెప్పాడు. తోడేలొచ్చిన సంగతి చెప్పాడు. ఒకసారి కుక్క కుండ ఎత్తుకుపోయిన సంగతి చెప్పి తానే నవ్వాడు. నాలుగేళ్ళలో ఆయన నాతో మాట్లాడినదంతా కలిపినా అంత ఉండదు.

వీధి చివర ఇస్త్రీ బండి దగ్గరికి పరుగెత్తి తుమ్మబొగ్గులు తెచ్చాను. పెరట్లో మూడు రాళ్ళు పెట్టి, అడుగున కొద్దిగా నిప్పు, మూకుడు మీద ఇనప పెనం, పెనం మీద నిండా కణకణలాడే నిప్పులు. మా నాయన కుర్చీ పెరట్లోకి జరిపించుకుని, విసనకర్ర తీసుకుని తానే విసిరాడు. 'ఇగ తియ్యి' అన్నప్పుడు తీశాం. గీతలన్నీ తేనెరంగుకు తిరిగి, అంచుల నుంచి ఖీమా రసం బుడబుడమని పొంగుతోంది. డబ్లిన్‌లో మధ్యాహ్నం కూడా కాలేదు. ఫోనులో చూపిస్తే మా పిల్ల చప్పట్లు కొట్టింది, 'మా వంటామెకు చూపిస్త' అంది.

స్టీలు పళ్ళెంలో వేసి చెంచా పెట్టాను. ఆయన చెంచా పక్కన పెట్టి, చేత్తో ఒక ముద్ద తీసుకుని ఊదుకుని నోట్లో పెట్టుకున్నాడు. ఈ చెంపకూ ఆ చెంపకూ తోయలేదు. చిగుళ్ళతో ఒకసారి అదిమాడు, మింగాడు. ఇంకో ముద్ద తీసుకున్నాడు. మా ఆవిడ గుమ్మం చాటున నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సగం పళ్ళెం అయ్యాక తలెత్తి, 'ఏం కూర అంటరు దీన్ని?' అన్నాడు.

'వాళ్ళ భాషలో గొర్ల కాపరి కూర అని నాయనా.'

'అక్కడ గూడ ఉన్నరా గొల్లోళ్ళు?'

'ఉన్నారు. మనకంటే చలిదేశం. కొండల నిండా గొర్రెలే.'

'హోటళ్ళల్ల అమ్ముతరా? ఇదే పేరు పెట్టి?'

'ఇదే పేరు. బోర్డు మీద రాసి అమ్ముతారు.'

ఆయన తలూపి మళ్ళీ తినసాగాడు. నాకెందుకో ఉండబట్టలేదు. కాగితాల్లో నీ పని గొర్రెలు కాయడమని రాయలేదు నాయనా, వ్యవసాయమని రాశాను, చిన్నప్పటి నుంచీ అదే రాశాను అని చెప్పేశాను. మా ఆవిడకు కూడా ఆ సంగతి అప్పుడే తెలిసింది. ఆయన ముద్ద చేతిలో పట్టుకుని కాసేపు ఆలోచించాడు.

'మందెరువు లేకుంటే వ్యవసాయం యాడిది? తప్పేం రాయలేదు తీ' అన్నాడు. పళ్ళెం నావైపు జరిపి, 'ఇంకింత పెట్టు. పైన కాలింది పెట్టు, అడుగుది కాదు' అన్నాడు.

ఇప్పుడు పదిహేను రోజులకోసారి మా ఇంట్లో ఈ వంట జరుగుతోంది. మా ఆవిడ మెల్లగా పచ్చిమిరపకాయ ఒకటి చేర్చింది, తర్వాత రెండు. అడిగితే ఇక్కడి గొర్రెకు ఇక్కడి కారమే పడుతుందంటుంది. మాంసం తేవడం మాత్రం నా ఒక్కడి చేతికి వదలడం లేదు.

పోయిన ఆదివారం మేనకోడలు డబ్లిన్‌కు దక్షిణాన ఉన్న విక్లో కొండలకు స్నేహితురాళ్ళతో వెళ్ళి, తాతకు చూపించమని ఒక ఫోటో పంపింది. పచ్చటి వాలు, రాళ్ళు పేర్చిన గోడ, వీపు మీద నీలంరంగు పూసిన గొర్రెలు. ఎవరి మంద ఏదో తెలియడానికి అక్కడి వాళ్ళు అట్లా రంగు పూస్తారు. మా నాయన ఫోను కళ్ళ దగ్గర పెట్టుకుని, దూరం పెట్టుకుని, చాలాసేపు చూశాడు.

'అన్ని ఇరవై రెండు' అన్నాడు. తర్వాత వేలితో ఒకదాన్ని చూపించి, 'దీని ముంగటికాలు చూడు, కుడిది. నేల మీద ఆనిస్తలేదు. అంత తడి నేల, గిట్టల నడుమ పుండై ఉంటది. కాపరికి చెప్పమను ఆ పిల్లను' అన్నాడు.

ఆ మాట యథాతథంగా రాసి పంపాను.